కాలనీ గ్రూపులో అమ్మకం: ఆర్డర్లూ పెరగాలి, పలకరింపులూ మిగలాలి

నిజాంపేటలోనో మణికొండలోనో వంద ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ అనుకోండి. దానికో వాట్సాప్ గ్రూపు ఉంటుంది. మంజీరా నీళ్లు ఎప్పుడొస్తాయి, లిఫ్ట్ ఎందుకు ఆగింది, మెయింటెనెన్స్ ఎవరు కట్టలేదు అని మాట్లాడుకోవడానికి పెట్టుకున్న గ్రూపు అది. ఇంట్లో కూరలు వండి అమ్మేవారు, పచ్చళ్లు పట్టేవారు, బ్లౌజులకు మగ్గం వర్క్ చేసేవారు మొదటిరోజే అందులో మెనూ పెట్టేస్తారు. మొదటివారం మొహమాటానికి కొందరు కొంటారు. రెండోవారం చాలామంది గ్రూపును మ్యూట్‌లో పెడతారు. మూడోవారం సెక్రటరీ గారు "దయచేసి అడ్వర్టైజ్‌మెంట్లు వద్దండీ" అని రాస్తారు. ఇక లిఫ్టులో ఎదురుపడినా ఫోను చూసుకుంటూ నిలబడతారు.

షాపు నచ్చకపోతే జనం ఇంకో షాపుకు పోతారు. పక్క ఫ్లాటువాళ్లు ఎక్కడికీ పోరు, రోజూ కనబడతారు. అందుకే ఇక్కడ అమ్మకం కంటే ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

ముందు నంబరు వేరు చేయండి

కొత్త సిమ్ తీసుకుని దానిమీద వాట్సాప్ బిజినెస్ పెట్టండి. ఒకే ఫోన్‌లో మామూలు వాట్సాప్, బిజినెస్ వాట్సాప్ రెండూ నడుస్తాయి. నంబర్లు మాత్రం వేర్వేరుగా ఉండాలి. ఉన్న నంబరునే బిజినెస్‌కి మారిస్తే అత్తగారి గుడ్‌మార్నింగులు, పిల్లల స్కూలు గ్రూపు, ఆర్డర్లు అన్నీ ఒకేచోట కలిసిపోతాయి. రాత్రి పదిన్నరకు "రేపు దోసకాయ పప్పు ఉందా ఆంటీ" అని మెసేజ్ వస్తుంది. మీరు ఆన్‌లైన్‌లో ఉన్నట్టు కనబడుతూనే ఉంటారు, జవాబివ్వకపోతే అవతలివారు నొచ్చుకుంటారు. నంబరు వేరైతే తొమ్మిదికల్లా దాని నోటిఫికేషన్లు ఆపేయొచ్చు. ఆ సిమ్‌కి రీఛార్జి మాత్రం తప్పనివ్వకండి. చాలాకాలం వాడని నంబరును కంపెనీ ఇంకొకరికి ఇచ్చేస్తుంది, మీ కస్టమర్ల మెసేజ్‌లు వాళ్లకు వెళ్తాయి. టూ-స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టుకోండి. ఓటీపీ ఎవరడిగినా చెప్పకండి.

ప్రొఫైల్‌లో పేరు, ఏరియా, ఆర్డర్లు తీసుకునే వేళలు, సెలవు రోజు రాయండి. తినే వస్తువు ఇంట్లో చేసి అమ్మినా కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ కావాలి. ఆ 14 అంకెల నంబరు ప్రొఫైల్‌లోనే ఉంటే అడిగేవాళ్లకు అడిగే పని తప్పుతుంది. క్యాటలాగ్‌లో 500 ఐటమ్స్ వరకు పెట్టుకోవచ్చు, కానీ ఇంటి వంటకు పది, పదిహేను చాలు. ప్రతిదానికీ ధర వేయండి. "ధర కోసం మెసేజ్ చేయండి" అని రాస్తే మనిషిని చూసి ధర చెబుతారని జనం అనుకుంటారు. కాలనీలో ఆ అనుమానం ఒకసారి పుట్టిందంటే పోదు.

గ్రీటింగ్ మెసేజ్‌లో మూడే మాటలు చాలు: "నమస్తే అండి. ఐటమ్, ఎన్ని డబ్బాలు, ఫ్లాట్ నంబరు పంపండి. రాత్రి 9 తర్వాత వచ్చినవాటికి పొద్దున 8కి జవాబిస్తాం." ఇది మొదటిసారి మెసేజ్ చేసినవాళ్లకు, లేదా 14 రోజులుగా మాట్లాడనివాళ్లకు మాత్రమే దానంతటదే వెళ్తుంది. రోజూ కొనేవారికి రాత్రిపూట జవాబు వెళ్లాలంటే, మీరు అందుబాటులో లేని వేళల్లో దానంతటదే వెళ్లే "అవే (Away) మెసేజ్" విడిగా పెట్టాలి. చాలామంది ఈ రెండోది పెట్టరు. తీరా "చూసి కూడా పలకలేదు" అనే మాట పడాల్సివచ్చేది రోజూ కొనేవారి దగ్గరే.

గ్రూపా, బ్రాడ్‌కాస్టా, స్టేటసా

కాలనీ గ్రూపులోంచి అందరి నంబర్లూ ఏరి కొత్త గ్రూపు చేసి జనాన్ని చేర్చేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఎనభైమంది నంబర్లు, వాటిలో ఆడవాళ్లవీ, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లవీ, ముక్కూ మొహం తెలియనివాళ్ల ముందు పడతాయి. విసిగినవాళ్లు రిపోర్ట్ కొడతారు. రిపోర్టులు, బ్లాకులు ఎక్కువైతే వాట్సాప్ ఆ నంబరునే ఆపేస్తుంది. అప్పుడు క్యాటలాగ్, చాట్లు అన్నీ ఒక్కసారిగా పోతాయి.

సరైన దారి కాస్త నెమ్మదిది. అడ్మిన్‌ని కలిసి కొనుగోళ్లకు వేరే గ్రూపు పెట్టమని అడగండి, లింకు మాత్రమే పంపమనండి, ఇష్టమున్నవాళ్లే చేరతారు. అది కుదరకపోతే మెయిన్ గ్రూపులో వారానికి ఒక్క రోజు, ఒక్క పోస్టు అని సెక్రటరీతో మాట్లాడుకుని ఆ మాటమీదే ఉండండి. మిగతా రోజుల్లో ఆ గ్రూపులో మీరు మామూలు ఫ్లాట్ ఓనరో, అద్దెకున్నవారో. ట్యాంకర్ ఎప్పుడొచ్చిందో చెప్పండి, పోయిన తాళంచెవి ఫోటో పెట్టండి. అమ్మకమప్పుడు తప్ప నోరు విప్పని మనిషిని గ్రూపు ఇట్టే గుర్తుపడుతుంది.

రోజువారీ మెనూకి బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ మేలు. ఒక లిస్టులో 256 మంది వరకు పడతారు, ఎవరి నంబరు ఎవరికీ కనబడదు, జవాబు మీకొక్కరికే వస్తుంది. ఒక మెలిక ఉంది. మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. పంపినవాటికి ఒక్క టిక్కే ఉండిపోతోందంటే నెట్ సమస్యే కాకపోవచ్చు, వాళ్లు సేవ్ చేసుకోలేదేమో. డబ్బా మూతమీద చిన్న స్టిక్కర్ వేయండి: "ఈ నంబరు సేవ్ చేసుకుని 'మెనూ' అని పంపండి, రోజూ పంపుతాం. వద్దంటే 'ఆపండి' అనండి." ఆపమన్న రోజే ఆపాలి. ఎందుకని అడగకూడదు, కింద పార్కింగ్‌లో కనబడినప్పుడు అస్సలు అడగకూడదు.

స్టేటస్ 24 గంటలు ఉంటుంది. మెనూకి బాగుంటుంది, కానీ ఎవరు చూశారో చూపిస్తుంది. "వదిన రోజూ చూస్తుంది, ఒక్కరోజూ కొనదు" అన్న లెక్క మొదలైతే అది పెళ్లిళ్ల దాకా వెళ్తుంది. బిజినెస్ స్టేటస్‌కి వ్యూల సంఖ్య చూడండి, పేర్ల లిస్టు తెరవకండి.

పోస్టు రాసే తీరు

మంచి పోస్టు చదివాక ఎవరికీ ఏమీ అడగాల్సిన పని ఉండకూడదు. ఇలా:

"అందరికీ నమస్తే, బి-304. రేపు శనివారం మధ్యాహ్నం: గుత్తి వంకాయ, పావుకిలో 100. టమాటా పప్పు, పావుకిలో 60. ఇరవై డబ్బాలే. నూనె వేరుశనగది, వంకాయలో నువ్వులు, పల్లీలు ఉంటాయి. ఈ రాత్రి 9 లోపు పర్సనల్‌గా చెప్పండి. రేపు 12:15 నుంచి 1 దాకా లాబీలో ఇస్తాం."

పల్లీల మాట అందులో అనవసరంగా రాలేదు. పల్లీలు పడని పిల్లలున్న ఇంట్లో అది పెద్ద విషయం. "ఇరవై డబ్బాలే" అని రాశాక ముప్పై అమ్మకండి. తొందరపెట్టడానికి రాశారని మర్నాడే తెలిసిపోతుంది. ఇరవై అయిపోగానే "అయిపోయాయండి" అని రాయండి. ధర తప్పు పడితే 15 నిమిషాల్లోపు ఎడిట్ చేయొచ్చు. ఆ సమయం దాటితే పాతది తీసేసి ఊరుకోకండి, సవరణ కొత్త మెసేజ్‌గా పెట్టండి. తక్కువ ధర చూసి అప్పటికే ఆర్డర్ పెట్టినవాళ్లకు ఆ ధరకే ఇవ్వండి.

ఆర్డర్లు గ్రూపులోనే లిస్టుగా రాయించుకునే అలవాటు ఒకటుంది. ఒకరు "1. ఎ-101 రెండు డబ్బాలు" అని రాస్తారు, తర్వాతివాళ్లు దాన్ని కాపీ చేసి కింద తమ పేరు కలుపుతారు. ఇద్దరు ఒకే నిమిషంలో కాపీ చేస్తే ఒకరి పేరు ఎగిరిపోతుంది. మధ్యాహ్నం లాబీలో ఆయన చెయ్యి చాపుతారు, డబ్బా ఉండదు, ఇద్దరికీ తలవంపు. పోల్‌లోనూ ఇబ్బందే. ఎన్ని డబ్బాలో తెలియదు, ఎవరు చికెన్ తింటున్నారో అందరికీ తెలిసిపోతుంది. మన అపార్ట్‌మెంట్లలో ఇది చిన్న సంగతేం కాదు. రేపు ఏం వండాలో తేల్చుకోవడానికి పోల్ సరే, ఆర్డర్ మాత్రం విడిగానే తీసుకోండి. నాన్‌వెజ్ మెనూ మెయిన్ గ్రూపులో పెట్టకుండా అడిగినవారి లిస్టుకే పంపండి, ముఖ్యంగా శ్రావణంలో, కార్తీకంలో.

భాష విషయానికొస్తే, కూకట్‌పల్లి గ్రూపుకు తెలుగు చాలు. టోలిచౌకిలో, గచ్చిబౌలిలో తెలుగు కింద రెండు లైన్లు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండాలి. వాయిస్ మెసేజ్‌లో మెనూ చెప్పకండి. ఆఫీసు మీటింగులో కూర్చున్నవాళ్లు వినలేరు.

చుట్టాలకు ధర తగ్గించకండి, కొసరు వేయండి

పిన్నికో, స్నేహితురాలికో వంద రూపాయల డబ్బా ఎనభైకి ఇస్తే ఆ స్క్రీన్‌షాట్ ఎప్పుడో ఒకప్పుడు గ్రూపులో పడుతుంది. అప్పుడు మిగతావాళ్లంతా ఇరవై రూపాయలు మోసపోయినట్టే లెక్క. ధర అందరికీ ఒకటే ఉంచి, కావలసినవాళ్లకు ఒక గరిటె ఎక్కువ వేయండి, చిన్న గిన్నెలో గోంగూర పచ్చడి పెట్టండి. కొసరుకు స్క్రీన్‌షాట్ ఉండదు.

అరువు ఇంకా చిక్కు. "తర్వాత వేస్తాలే" అన్నవారిని అడగలేక మనసులో పెట్టుకోవడం కంటే ఆర్డర్ ఖాయం చేసే మెసేజ్‌లోనే, అందరికీ ఒకే రకంగా, క్యూఆర్ పంపండి. క్విక్ రిప్లైలో, అంటే ముందే దాచుకునే జవాబుల్లో, పెట్టుకుంటే వేలితో ఒక్క నొక్కు. అది మీరు అడిగినట్టుండదు, పద్ధతి అడిగినట్టుంటుంది. బాకీలకు "పేమెంట్ రావాలి" అనే లేబుల్ పెట్టుకుని వారానికోసారి, ఆదివారం పొద్దున, విడిగా గుర్తుచేయండి. గ్రూపులో బాకీ లిస్టు ఎప్పుడూ పెట్టకండి, సరదాకి కూడా.

ఫ్యామిలీ గ్రూపులో మెనూ పెట్టడం అసలు వద్దంటాం. కరీంనగర్‌లో ఉన్న బాబాయికి మీ గుత్తి వంకాయ ఎలాగూ అందదు, నొప్పించకుండా ఉండటానికి రోజూ ఒక చప్పట్ల ఎమోజీ పెట్టాలి. షాపు తెరిచే రోజు పిలుపు కూడా అంతే. కాలనీలోని పదిళ్లకు బొట్టు పెట్టి పిలిచిన తర్వాత కార్డు ఫార్వర్డ్ చేయండి. ఉత్త ఫార్వర్డ్‌ను మనవాళ్లు పిలుపుకింద లెక్కవేయరు.

ఫిర్యాదు వచ్చిన రాత్రి

తొమ్మిదింబావుకు గ్రూపులో ఫోటో పడింది: పప్పులో వెంట్రుక. వెంటనే రాయాలనిపించేది ఇది: "మా కిచెన్ చాలా నీట్‌గా ఉంటుందండి, ఇప్పటిదాకా ఎవరూ కంప్లయింట్ ఇవ్వలేదు, మీ ఇంట్లో పడిందేమో చూడండి." ఇది పంపితే అబద్ధమాడుతున్నది వాళ్లా మీరా అన్నదే చర్చ అవుతుంది.

మొదట, అదే గ్రూపులో ఒకే ఒక్క మెసేజ్: "బి-502 గారూ, క్షమించండి. ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను. ఈరోజు ఇదే పప్పు తీసుకున్న మిగతావారికీ చెబుతున్నాను." దీనికి అరగంట దాటనివ్వకండి, ఈలోపు నలుగురు చూసి నాలుగు మాటలు కలుపుతారు. తర్వాత ఫోన్ చేయండి, టైప్ చేయకండి. రాతలో క్షమాపణ కూడా వెటకారంలా వినబడుతుంది. డబ్బు ముందు తిరిగి వేసి, ఆపైన కారణం మాట్లాడండి. ఆ పూట అదే పప్పు వెళ్లిన ఇళ్లన్నిటికీ విడిగా మెసేజ్ పంపండి. కడుపునొప్పి, వాంతులు అని వస్తే ఆ వంట అమ్మకం అక్కడికక్కడే ఆపి, మిగిలింది పారేయకుండా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. పరీక్ష అవసరమైతే అదే ఆధారం. మర్నాడు గ్రూపులో రెండు లైన్లు: ఏం జరిగింది, ఏం మార్చాం. అక్కడితో ముగించండి.

చేయకూడనిది, దాదాపు అందరూ చేసేది, మనవాళ్లను రంగంలోకి దింపడం. "నేనూ తిన్నాను, బ్రహ్మాండంగా ఉంది" అని మీ చెల్లెలు రాయగానే ఫిర్యాదు చేసినావిడ ఒంటరిదవుతుంది. ఆవిడ తరఫున ఇంకో ముగ్గురు లేస్తారు. అరగంటలో పప్పు సంగతి పోయి ఎ బ్లాకు, బి బ్లాకు అవుతుంది, ఒక్కోసారి ఆంధ్రా, తెలంగాణా కూడా అవుతుంది. మెసేజ్ తీసేయమని అడ్మిన్‌ని బతిమాలడమూ వద్దు, స్క్రీన్‌షాట్ అప్పటికే బయటికెళ్లి ఉంటుంది. పరువునష్టానికి భారతీయ న్యాయ సంహితలో 356 సెక్షన్ ఉన్నమాట నిజమే. వెంట్రుక ఫోటోకి ఆ సెక్షన్ చూపిస్తే కాలనీలో మళ్లీ ఎవరూ మీ దగ్గర కొనరు.

ఊరంతా భయపడే వార్త వచ్చినప్పుడు అడగకముందే చెప్పండి. 2024 అక్టోబరు చివర తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. అలాంటి రోజున సాండ్‌విచ్‌లు, షవర్మా అమ్మేవారు తాము ఏ మయోనైజ్ వాడుతున్నారో ప్యాకెట్ లేబుల్ ఫోటోతో పెడితే సగం అనుమానాలు అక్కడే తీరతాయి.

గూగుల్ మ్యాప్స్ రివ్యూలు

కాలనీ బయటినుంచి వచ్చేవాళ్లు చూసేది ఇదే. "బాగుందండి" అని ఎవరైనా నోటితో అన్నప్పుడు, అప్పుడే, "ఆ మాటే మ్యాప్స్‌లో రాస్తారా" అని లింకు పంపండి. రివ్యూకి డిస్కౌంట్ ఇవ్వడం గూగుల్ నియమాలకు విరుద్ధం. ఆన్‌లైన్ రివ్యూలకు భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణమే తెచ్చింది. తినకుండానే చుట్టాలు ఒకేరోజు వేసిన పదిహేను ఐదు నక్షత్రాలను చదివేవాళ్లు పసిగడతారు, గూగుల్ కూడా తీసేయొచ్చు. ఒక నక్షత్రం ఇచ్చినవారికి రెండు వాక్యాల్లో మర్యాదగా జవాబివ్వండి. అది ఆ మనిషి కోసం కాదు, తర్వాత చదివే యాభైమంది కోసం. డబ్బిస్తే రివ్యూ తీసేస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే పైసా ఇవ్వకండి, ప్రొఫైల్‌లోంచే రిపోర్ట్ చేయండి.

రీల్ తీయించే ముందు

2024 జనవరి చివర మాదాపూర్‌లో కుమారి ఆంటీ భోజనం బండి దగ్గర జరిగింది నగరమంతా చూసింది. యూట్యూబ్ పుణ్యమా అని జనం విరగబడ్డారు, ట్రాఫిక్ ఆగిపోయింది, పోలీసులు బండి తీయించారు, ముఖ్యమంత్రి జోక్యం చేసుకున్నాక మళ్లీ తెరుచుకుంది. అందరికీ ముఖ్యమంత్రి పలకడు కదా. మీ బండి సందులో ఉంటే ముందు పార్కింగ్ లెక్క వేయండి: పది బైకులు ఒకేసారి వస్తే ఎవరి గేటు ముందు ఆగుతాయి? ఆ ఇంటివాళ్లకు ముందే చెప్పి ఒక మనిషిని నిలబెట్టండి. రోజుకు అరవై ప్లేట్లు చేయగలిగినవారు రీల్ వచ్చిన వారం ఎనభై చేయొచ్చు, రెండొందలు చేస్తే రుచి పోతుంది. పాత కస్టమర్లకు రోజూ కొన్ని ప్లేట్లు పక్కన పెట్టండి. రీల్ చూసి వచ్చినవాళ్లు నెలకల్లా ఇంకో రీల్ వెనక పోతారు.

వ్లాగర్‌తో మాట్లాడుకున్నవి వాట్సాప్‌లో రాతగా ఉంచుకోండి: ఎన్ని రీల్స్, ఏ తేదీలోపు, ధరలు తప్పుగా చెబితే ఎన్ని గంటల్లో సరిచేస్తారు, ఆ వీడియో మీరు వాడుకోవచ్చా లేదా. డబ్బు ఇచ్చినా, ఉత్త భోజనం పెట్టినా, అది ప్రకటన అని వీడియోలో స్పష్టంగా కనబడాలి. వినియోగదారుల రక్షణ చట్టం కింద 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాలు, 2023 జనవరిలో కేంద్రం ఇచ్చిన సూచనలు ఇదే చెబుతాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారే 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. కస్టమర్ల ముఖాలు, ముఖ్యంగా పిల్లలవి, అడగకుండా రీల్‌లో పెట్టకండి. ఆఫీసులో సెలవు చెప్పి బిర్యానీ తింటున్నవాళ్లూ ఉంటారు.

పండగలు, ఫార్వర్డులు, దొంగ స్క్రీన్‌షాట్లు

వినాయక చవితి మండపానికో, బోనాలకో, ఇఫ్తార్‌కో ప్రసాదమో పళ్లో ఇస్తే అసోసియేషన్ ద్వారా ఇవ్వండి, ఫోటో వాళ్లను పెట్టనివ్వండి. బిజినెస్ నంబరు నుంచి రాజకీయం, మతం, ఆరోగ్య చిట్కాలు ఏవీ వెళ్లకూడదు. రెండు బాణాల గుర్తుతో వచ్చిన మెసేజ్ చాలా చేతులు మారి వచ్చిందని అర్థం, అది మీ దగ్గర ఆగిపోనివ్వండి.

పేమెంట్ స్క్రీన్‌షాట్‌ను నమ్మకండి, సౌండ్‌బాక్స్ పలికిందో లేదో విని, బ్యాంకు యాప్‌లో చూశాకే డబ్బా ఇవ్వండి. మీకు డబ్బు రావడానికి మీరు యూపీఐ పిన్ కొట్టాల్సిన పనే లేదు. మీ ఫోటోతో దొంగ నంబరు ఆర్డర్లు తీసుకుంటోందని తెలిస్తే ముందు బ్రాడ్‌కాస్ట్‌లో చెప్పండి. డబ్బు పోయినవారిని 1930కి వెంటనే ఫోన్ చేయమనండి, ఆలస్యమయ్యేకొద్దీ డబ్బును ఆపడం కష్టం.

ఇల్లు మారేటప్పుడు

హైదరాబాద్‌లో అద్దె ఇల్లు మారడం మామూలే. రెండు వారాల ముందు చెప్పండి, అడ్వాన్సులు తిరిగివ్వండి, పచ్చళ్ల ఆర్డర్లుంటే పూర్తి చేయండి. కాలనీ గ్రూపులోంచి మీరే బయటికి రండి, తీసేసేదాకా ఆగితే బాగోదు. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో "కొత్త చోటినుంచి కూడా మెనూ పంపమంటారా" అని ఒకసారి అడిగి, అవునన్నవారినే ఉంచండి. గూగుల్ మ్యాప్స్‌లో అడ్రసు అదే రోజు మార్చండి. మార్చకపోతే వచ్చేపోయే డెలివరీ బాయ్‌లందరికీ దారి చెప్పే పని పాత అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మీద పడుతుంది.